వరసలో చివరి చెయ్యి

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. నేను చెప్పబోయే సంగతిలో దయ్యం లేదు. ఇందులో ఉన్న మనుషులు, నాకు తెలిసినంతవరకూ, ఈ రోజుకీ బతికే ఉన్నారు. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

మాది చిలకలూరిపేట. నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా ఇంట్లో దిష్టి తీయడం కూడా ఎప్పుడూ చూడలేదు. చీకట్లో ఏదో కనిపించిందని ఏడిస్తే నాన్న చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లి, "ముట్టుకో, ఏముందో చూడు" అనేవాడు. ముట్టుకుంటే తీగ మీద ఆరేసిన దుప్పటి. అలా పెరిగాను.

వ్యాయామ విద్యలో డిగ్రీ అయ్యాక కొండలెక్కే కోర్సు ఒకటి చేసి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పర్చూరు దగ్గర ఒక సాహస శిక్షణ శిబిరంలో చేరాను. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు తన వేపతోపులో తాళ్లూ, నిచ్చెనలూ, ఎత్తైన దుంగలూ కట్టించి దాన్ని నడిపేవారు. అందరం ఆయన్ని సుబేదార్ గారనే పిలిచేవాళ్లం. కాలేజీ పిల్లలు వచ్చేవారు. కంపెనీలు కూడా తమ ఉద్యోగుల్ని పంపేవి. మా ఉద్యోగం పేరు ఫెసిలిటేటర్. ఊళ్లోవాళ్లకి ఆ పేరు నోరు తిరగక మమ్మల్ని సర్కస్సోళ్లు అనేవారు.

నిజానికి మా పని తాళ్లు కట్టడం కాదు, భయాన్ని చదవడం. దుంగ మీద నిలబడ్డ మనిషి "నాకేం భయం లేదండీ" అంటూనే ఉంటాడు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఎవరికి ధైర్యం చెప్పాలి, ఎవరిని మాట్లాడకుండా వదిలెయ్యాలి, ఎవరిని దించెయ్యాలి అన్నది వాళ్ల పాదాలూ భుజాలూ చూసి తేల్చుకోవాలి. ఆట అయ్యాక అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరికేమనిపించిందో చెప్పించాలి. అలా చెప్పించడమే అన్నిటికంటే కష్టం.

ఈ విద్యంతా నాకు నేర్పింది మస్తాన్ అన్న. పూర్తి పేరు మస్తాన్ వలి. చీరాల మనిషి, అప్పటికి నలభై దాటినవాడు. వాళ్ల నాన్నకి సైకిల్ షాపు ఉండేది. పెద్దగా చదువుకోలేదు. కాని తాడు ముడి మీద వేలు పెట్టి చూసి, "ఇది నువ్వు కోపంగా ఉన్నప్పుడు వేశావమ్మాయ్, విప్పి మళ్లీ వెయ్యి" అనేవాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఆటలో ఎవరు ఆపమన్నా కారణం అడక్కూడదు. ముందు ఆపాలి, తర్వాత అడగాలి.

సెలవు రోజున మేమేం చేస్తామని చాలామంది అడిగేవారు. వారమంతా ఆటలే ఉద్యోగమైనవాళ్లకి సెలవెందుకని వాళ్ల వేళాకోళం. నేనైతే సైకిలేసుకుని చీరాల దాకా తొక్కేదాన్ని. కాళ్లు ఊరుకునేవి కావు. మస్తాన్ అన్న కొత్తపట్నం వెళ్లి సముద్రంలో ఈదేవాడు. ఆయన అత్తగారిది ఒంగోలు. భార్యని పుట్టింట్లో దించి, తను సముద్రం దగ్గరకు పోయేవాడు. సెలవు రోజు కూడా ఈ తాపత్రయమేంటన్నా అని ఒకసారి అడిగాను.

"పనిలో పదిమందిని చూసుకోవాలమ్మాయ్. అక్కడైతే నన్ను నేను చూసుకుంటే చాలు" అన్నాడు.

ఆ రోజు మస్తాన్ అన్నకి సెలవు. గుంటూరు నుంచి ఒక కోల్డ్ స్టోరేజీ ఉద్యోగులు వచ్చారు. గుమస్తాలు, సూపర్‌వైజర్లు, ఒక మేనేజరు. మిర్చి కోతలు ముగింపుకొచ్చి, మా తోపు పక్కనున్న కళ్లాలన్నీ ఎర్రగా పరిచినట్టున్న రోజులు. గాలి ఇటు తిరిగితే కళ్లు మండేవి. వచ్చినవాళ్లకి ఆ ఘాటు అలవాటే కాబట్టి మాకే దగ్గు వచ్చేది.

ఆ పూట చేయించింది నమ్మకం నడక. చూడ్డానికి చిన్నాట. అందరికీ కళ్లకు గంతలు కడతాం. ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడి, కుడిచెయ్యి ముందున్నవాళ్ల కుడిభుజం మీద వెయ్యాలి. మొదటివాడి చేతికి తాడు కొస ఇచ్చి మాలో ఒకరు నడిపిస్తారు. మరొకరు వెనక నడుస్తూ కనిపెట్టుకుంటారు. మాట్లాడకూడదు. తోపులోంచి బండ్లు పోయే డొంకలోకి దిగి, కళ్లాల పక్కగా, పత్తి చేల గట్ల మీదుగా తిరిగి రావాలి. గుంట వచ్చినా గట్టు వచ్చినా ముందువాడి భుజం కదిలే తీరుని బట్టే తెలుసుకోవాలి.

ఇందులో ఇబ్బందంతా చివరివాడిది. అందరి భుజాల మీదా ఒక చెయ్యి ఉంటుంది, అతని మీద ఉండదు. చివర నడిచినవాళ్లు వీపంతా ఖాళీగా, చల్లగా అనిపించిందని చెబుతుంటారు. ఎవరో వెంట వస్తున్నట్టు అనిపించిందన్నవాళ్లూ ఉన్నారు. కళ్లు మూసుకున్న మనసు ఊరికే ఉండలేక ఏదో ఒకటి పుట్టించుకుంటుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే ఇదంతా ముందే చెబుతున్నాను.

ఆ రోజు చివర నిలబడింది కోటేశ్వరరావు. ముప్పై దాటిన మనిషి, బలిష్ఠుడు, మాట తక్కువ. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చి గుంటూరులో స్థిరపడ్డాడు. మా శిబిరానికి రావడం అదే మొదలు. సుబేదార్ గారు తాడు పట్టుకుని ముందు నడిచారు. నేను వెనక, కోటేశ్వరరావుకి చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాను.

డొంక దాటి కళ్లాల పక్కకి వచ్చాం. మిర్చిలోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు పని ఆపి మమ్మల్ని చూసి నవ్వారు. అక్కడ కోటేశ్వరరావు తల కొంచెం పక్కకి తిప్పాడు.

"మేడం, నా వెనకాల ఎవరండీ?" అన్నాడు, మెల్లగా.

"ఎవరూ లేరండీ. నేనున్నాను. నడవండి" అన్నాను.

"మీరు కాదండీ. చెయ్యేశారు."

వెనక ఎవరూ లేరు. పట్టపగలు. డొంక పొడుగునా తుమ్మకంప తప్ప మనిషి లేడు. మీ మనసే అలా అనిపిస్తుంది, పట్టించుకోకుండా నడవండి అని చెప్పాను. అతను తలూపి నడిచాడు. ఎవరైనా ఇలా అంటే మేం చెప్పే మాటే అది.

ఆ తర్వాత నేను చూసింది చూసినట్టు చెబుతాను. అతని కుడిభుజం కిందికి దిగింది. ఒక్కసారిగా కాదు, బరువు మోసేవాడి భుజం దిగినట్టు. భుజాలు చదవడం నా ఉద్యోగం. భయపడ్డ భుజం పైకి లేచి చెవుల దగ్గరకు వస్తుంది. ఇది దిగుతోంది. నడక కూడా మారింది. మూట ఎత్తుకున్నవాడిలా కాళ్లు ఎడంగా వేస్తున్నాడు. చొక్కా ఆ భుజం మీద ఒంటికి అతుక్కుపోయింది. ఎండకి అందరి చొక్కాలూ తడిసే ఉన్నాయి కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను.

"బరువేస్తున్నాడండీ" అన్నాడు.

నేను ఇంకా దగ్గరకు వెళ్లాను. నా చెయ్యి అతని వీపు వెనక, ఖాళీలో ఇటూ అటూ ఆడించాను. ఏమీ తగల్లేదు. నాన్న చెప్పినట్టు ముట్టుకుని చూశాను, ముట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ మనిషి మాత్రం నా కళ్ల ముందే ఒక బరువు కింద వంగిపోతున్నాడు. నాకు తెలిసిన విద్యలో దీనికి చెయ్యవలసింది ఏదీ లేదు. అలా ఉత్తచేతులతో అతని పక్కన నడిచాను.

పత్తిచేను గట్టు ఎక్కుతుండగా అతను అరిచాడు. "పడిపోతున్నాడు మేడం! పట్టుకోండి! పట్టుకోండి!"

ఎవర్ని పట్టుకోను? చేతులు చాపి అలాగే నిలబడ్డాను. అతను భుజాన్ని బలంగా విదిలించి, "ఆపండి!" అన్నాడు.

నేను "ఆపు" అని కేకేశాను. వరస ఆగింది. అందరూ గంతలు తీసేశారు. కోటేశ్వరరావు గట్టు మీద కూలబడి వెనక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు.

వేప చెట్ల కింద గుండ్రంగా కూర్చున్నాక తోటివాళ్లు అతన్ని ఆటపట్టించారు. మేనేజరు గారైతే "ఏమయ్యా, కాటికాపరిలా ఉండేవాడివి, నువ్వే జడుసుకున్నావా!" అని నవ్వారు. కోటేశ్వరరావు నవ్వలేదు. ఏమనిపించిందని నేను అడిగితే చెప్పాడు. వేళ్లు చల్లగా ఉన్నాయన్నాడు. చాలాసేపు నీళ్లలో నానిన చేతికి చర్మం ముడతలు పడుతుంది చూశారా, అలా ఉందన్నాడు.

"నన్ను భయపెట్టడానికి రాలేదండీ. వాడే భయపడుతున్నాడు. నేను తట్టుకోలేకపోయాను" అన్నాడు.

మా పద్ధతి ప్రకారం అతని మాటని కాదనకుండా, మనసు ఎలా పని చేస్తుందో నాలుగు మాటలు చెప్పాను. అందరూ తలలూపారు. కళ్లంలో ఆడవాళ్లు అన్నాలకి లేచారు. మేమూ భోజనాలకి లేచాం.

భోజనాలు అయ్యీ అవకముందే శిబిరం ఫోను మోగింది. మస్తాన్ అన్న భార్య ఖాసింబీ వదిన. ఏడుపులో మాట సరిగా వినిపించలేదు. సముద్రంలో కొట్టుకుపోయాడని, పడవవాళ్లు తీసుకొచ్చారని, ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడని అర్థమైంది. సుబేదార్ గారు జీపు తీశారు. అప్పటికి నాకు ఆ రెండు సంగతులనీ కలిపి చూడాలన్న ఆలోచనే రాలేదు. ప్రమాణం చేసి చెప్పగలను.

ఆసుపత్రిలో మస్తాన్ అన్నని చూడనివ్వలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయన్నారు. వరండాలో వదిన పక్కన కూర్చున్నాను. పడవవాళ్లలో ఒకాయన ఇంకా అక్కడే ఉన్నాడు. పొద్దున వల లాగి తిరిగొస్తుంటే తీరానికి చాలా లోపల నల్లగా ఏదో తేలుతూ కనిపించిందట. ముందు తాబేలనుకున్నారట. "చెయ్యి ఒకటి పైకెత్తి పెట్టుకున్నాడమ్మా. దేన్నో పట్టుకున్నట్టు. అది చూసే పడవ తిప్పాం. మేం దగ్గరికి పోయేలోగా ఆ చెయ్యి పడిపోయింది, మనిషి మునిగిపోయాడు. మావాడు దూకి జుట్టు పట్టుకుని లాగాడు" అన్నాడు.

అది ఎప్పుడని అడిగితే ఎండ నడినెత్తికి రాబోయే వేళ అన్నాడు. మా నడకా ఇంచుమించు అప్పుడే. నిమిషాలతో సహా సరిపోయిందని చెప్పలేను. వాళ్లకీ గడియారం లేదు, నేనూ చూసుకోలేదు.

మస్తాన్ అన్న మాట్లాడే స్థితికి రావడానికి కొన్ని రోజులు పట్టింది. నేను వెళ్లినప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అంత దేహం సగానికి తగ్గిపోయినట్టుంది. పళ్లు ఇచ్చి, ఎలా ఉందన్నా అన్నాను.

"ఆ రోజు నమ్మకం నడకలో చివర ఎవరు నడిచారమ్మాయ్?" అన్నాడు.

ఎందుకన్నా అన్నాను.

ఆయన చెప్పిందిది. అలలు దాటి వెళ్లాక నీళ్లు లోపలికి లాగేశాయి. ఎదురీదకూడదని తెలుసు కాబట్టి వెల్లకిలా తేలుతూ పోయాడు. ఎంతసేపో తెలియదు. ఉప్పుకీ ఎండకీ కళ్లు మండి మూసుకుపోయాయి. చేతులు బరువెక్కాయి. ఇక అయిపోయిందనుకున్నప్పుడు మా నడక గుర్తొచ్చిందట. ఈపాటికి మనవాళ్లు డొంకలో నడుస్తుంటారు, నా కళ్లూ మూసే ఉన్నాయి గదా అనుకుని, ముందుకి చెయ్యి చాపాడట.

"తగిలిందమ్మాయ్. భుజం. చొక్కా గుడ్డ, లోపల ఎముక. పిచ్చి పట్టిందనుకున్నా. ముక్కుకి మిరపకాయ ఘాటు కొట్టింది. సముద్రం మధ్యలో మిరపకాయ ఘాటేందమ్మా! ఆ భుజం కదుల్తుంటే నేనూ కదిలా. గుంట దిగినప్పుడు దిగా, ఎక్కినప్పుడు ఎక్కా. కాళ్ల కింద నేల లేదు, అయినా నడిచా. అంతలో విదిలించాడు."

కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. "కుడిభుజం. మెడ దగ్గర ఎముక ముడిలాగా లేచి ఉంటది. ఎవరిదమ్మా అది?"

కోటేశ్వరరావు భుజం మీద ముడి ఉందో లేదో నాకు తెలియదు. చొక్కా వేసుకున్న మనిషిని చూస్తే ఎలా తెలుస్తుంది? మస్తాన్ అన్నకి నేను ఏమీ చెప్పలేదు, సుబేదార్ గారూ చెప్పలేదు. తర్వాత వదినని అడిగాను, ఆవిడకి మా నడక సంగతే తెలియదు. విశ్రాంతి తీసుకో అన్నా, తర్వాత మాట్లాడదాం అని బయటికొచ్చేశాను.

మర్నాడు గుంటూరు కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి కోటేశ్వరరావుని లైన్లోకి పిలిపించాను. అదీ ఇదీ మాట్లాడకుండా, ఎప్పుడైనా భుజానికి దెబ్బ తగిలిందా అని అడిగాను. కొన్నేళ్ల కిందట మిర్చి టిక్కీలు ఎత్తించేటప్పుడు లారీ మీంచి ఒక బస్తా జారి మీద పడి ఎముక విరిగిందని, వంకరగా అతుక్కుందని చెప్పాడు. ఎందుకండీ అన్నాడు. మస్తాన్ అన్నకి జరిగింది క్లుప్తంగా చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చెప్పలేదు. "నేను వస్తానండీ" అన్నాడు.

మస్తాన్ అన్న అప్పటికి ఒంగోల్లో అత్తగారింటికి వచ్చేశాడు. నేను అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాదు. కోటేశ్వరరావుని బయటే ఉంచి, లోపలికెళ్లి మస్తాన్ అన్న కళ్లకు గంతలు కట్టాను. ముందు సుబేదార్ గారిని కూర్చోబెట్టి ఆయన భుజం మీద చెయ్యి వేయించాను. కాదన్నాడు. ఖాసింబీ వదిన తమ్ముడిని కూర్చోబెట్టాను. కాదన్నాడు. అప్పుడు కోటేశ్వరరావుని సైగ చేసి పిలిచాను. అతను చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యకుండా వచ్చి వీపు తిప్పి కూర్చున్నాడు.

మస్తాన్ అన్న చెయ్యి వేశాడు. వేళ్లు ఆ ముడి మీదకు వెళ్లి ఆగాయి. తర్వాత ఆ చెయ్యి తీయలేదు.

కోటేశ్వరరావు తల నా వైపు తిప్పాడు. "ఇదేనండీ ఆ చెయ్యి" అన్నాడు నాతో. ఇంతలావు మనిషి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. "నాకు తెలీదండీ... తెలిస్తే విదిలించేవాణ్ణి కాదండీ. రోజంతా మోసేవాణ్ణి."

"నీదేం తప్పుందయ్యా" అన్నాడు మస్తాన్ అన్న. "చేతకాకపోతే ఆపమనాలి. మా ఆటలో నియమమే అది. నన్ను పడవోళ్లు లాగారు గదా. నీ భుజం దొరకబట్టే అంతసేపు తేలా."

వదిన కళ్లు తుడుచుకుంది. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏం జరిగిందో అర్థం కాకపోయినా మనిషి దక్కాడు, అంతే చాలుననుకున్నాను.

మస్తాన్ అన్న గంతలు తీయలేదు. అలాగే అన్నాడు.

"నా సంగతి కాదు. నా వెనక కూడా ఒక చెయ్యుంది."

కోటేశ్వరరావు భుజం మీది చెయ్యి తీయకుండానే, ఇంకో చేత్తో తన కుడిభుజం తడుముకున్నాడు.

"నేను ఇతన్ని పట్టుకున్న కాసేపటికి నా భుజం మీద పడింది. చిన్న చెయ్యి. గాజులు తగిలాయి మెడకి. గట్టిగా పట్టుకుంది. వరసలో నడిచినట్టే నడిచాం ముగ్గురం. ఇతను విదిలించినప్పుడు నేను మునిగా. నేను మునిగినప్పుడు ఆ చెయ్యి జారింది. నన్ను లాగారు. ఆ మనిషిని లాగడానికి ఎవరున్నారు?"

పడవవాళ్లని మళ్లీ వెతికి పట్టుకుని అడిగాం. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరన్నారు. ఆ రోజు కొత్తపట్నంలో గాని, పక్క ఊళ్లలో గాని ఎవరూ మునిగిపోలేదన్నారు. పోలీస్ స్టేషన్లో అడిగాం. ఆడమనిషి తప్పిపోయిందని ఎవరూ చెప్పలేదన్నారు. తీరానికి ఏ శవమూ కొట్టుకు రాలేదు.

కోటేశ్వరరావు సముద్రంలో లేడు. పర్చూరు దగ్గర డొంకలో ఉన్నాడు. అలాంటప్పుడు ఆ మూడో మనిషి సముద్రంలోనే ఉండాలని ఏముంది? ఎక్కడైనా ఉండొచ్చు. ఏ బావిలోనో, ఏ కాలవలోనో, ఏ ఇంట్లోనో. ఈ మాట నేను మస్తాన్ అన్నతో అనలేదు. ఆయన కూడా నాతో అనలేదు. ఇద్దరికీ తెలుసు. అలా అనుకుంటే వెతకడానికి హద్దే లేకుండా పోతుంది.

ఆయన మళ్లీ పనిలో చేరాడు. ముడులు వెయ్యడంలో, భయాన్ని చదవడంలో ఏమీ తేడా రాలేదు. నమ్మకం నడక మాత్రం తను చేయించేవాడు కాదు. నేనే చేయించేదాన్ని. ప్రతిసారీ చివరివాడి వెనక నడుస్తూ, ఇతను గనక అలా అంటే ఏం చేస్తాను అని ఆలోచించేదాన్ని. వెనకెవరో పడిపోతారని తెలిసినా, ముందున్నవాడు ఆపమంటుంటే నడిపించలేను. ఆపక తప్పదు. ఎన్నిసార్లు ఆలోచించినా చివరికి "ఆపు" అనే అంటాను. ఇంకోలా చెయ్యడం నాకు చేతకాదు.

సెలవు రోజుల్లో మస్తాన్ అన్న ఈత మానేశాడు. కొత్తపట్నం వెళ్లడం మానలేదు. తీరం వెంట నడిచేవాడు. ఒక సెలవుకి ఒక ఊరు, ఇంకో సెలవుకి ఇంకో ఊరు. ప్రతి ఊళ్లోనూ వలల దగ్గర కూర్చున్నవాళ్లని అడిగేవాడు. కొందరు ఓపిగ్గా చెప్పేవారు, కొందరు పిచ్చోడనుకునేవారు. కోటేశ్వరరావు కూడా వీలైనప్పుడు గుంటూరు నుంచి వచ్చి ఆయన వెంట నడిచేవాడని విన్నాను.

ఒకసారి నేనూ వెళ్లాను. సాయంత్రపు ఎండలో ఒక ముసలామె వల బాగుచేసుకుంటోంది. మస్తాన్ అన్న వెళ్లి, ఫలానా ఏడాది మిర్చి కోతల రోజుల్లో మీ ఊరి ఆడమనిషి ఎవరైనా పోయిందా అమ్మా అని అడిగాడు.

"పేరేంది నాయనా?" అంది ఆమె.

"తెలీదమ్మా."

"ఎట్టా ఉంటది?"

"నేను చూళ్లేదు."

"మరేం తెలుసు నీకు?"

మస్తాన్ అన్న తన కుడిభుజం చూపించాడు. "ఇక్కడ చెయ్యేసిందమ్మా. గాజులున్నాయి" అన్నాడు.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆయన భుజం వంక కాసేపు చూసింది. తర్వాత వలని పక్కకి లాక్కుని, ఆయన కూర్చోవడానికి చోటిచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి నేను ఆ ఉద్యోగం మారి వేరే ఊరు వచ్చేశాను. మస్తాన్ అన్నతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాను. ఏమైనా తెలిసిందా అన్నా అని అడుగుతాను. ఇంకా లేదమ్మాయ్ అంటాడు. ఆ రోజు వరసలో చివర నిలబడింది ఎవరో మాకు ఈ రోజుకీ తెలియదు.